‘టర్న్ ఇట్ ఆఫ్’ అంటాం, మరి ‘లుక్ హిమ్ ఆఫ్టర్’ అని ఎందుకు అనకూడదు? పిల్లలకు ఎలా చెప్పాలి?

మాచవరం_ట్యూషన్:

అందరికీ నమస్కారం. విజయవాడ మాచవరంలో మా ఇంట్లోనే సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు. టెన్సులు అడిగితే టకటకా అప్పజెప్పేస్తారు. కానీ రెండు వాక్యాలు మాట్లాడమంటే మాత్రం పెద్ద మాటల దగ్గర కాదు, చిన్న మాటల దగ్గర ఆగిపోతారు. ఇట్, హిమ్, దెమ్, అప్, ఎట్, ఫర్, వీటిని ఎక్కడ పెట్టాలో తెలియక సగంలో వదిలేసి నా మొహం చూస్తారు.

మొన్న బోర్డు మీద ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’ రాశాను. దాన్నే ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ అని కూడా అనొచ్చని చెప్పాను. ఫ్యాన్ అనే మాట తీసేసి ఇట్ పెడితే మాత్రం ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే రైటు, ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు అన్నాను. అందరూ రాసుకున్నారు. ఆ కిందే ‘లుక్ ఆఫ్టర్ ద బేబీ’ రాయగానే వెనక బెంచీలో ఒకమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, “అయితే మేడమ్, ఇక్కడ కూడా లుక్ హిమ్ ఆఫ్టర్ అనాలి కదా, ఇందాక చెప్పిన రూలు ప్రకారం?” అంది. ఎంత న్యాయమైన ప్రశ్నో చూడండి. అలా అనకూడదు, ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనాలి అని చెప్పాను గానీ, ఎందుకు అంటే ఆ పిల్లకు సరిపోయే సమాధానం కావాలి. నా దగ్గరున్న గైడ్లన్నీ రెండు లిస్టులిచ్చి, ఇవి విడిపోతాయి, ఇవి విడిపోవు, బట్టీ పట్టండి అని చేతులు దులుపుకున్నాయి. ఆ లిస్టులు చూస్తేనే పిల్లలకు టెన్షన్.

బట్టీ పట్టకుండా, కొత్త వెర్బ్ ఎదురైనా ఇది ఏ రకమో వాళ్లంతట వాళ్లు పోల్చుకునే దారి ఏదైనా ఉందా? మన తెలుగువాళ్లకే ఇది ఇంత కష్టం ఎందుకవుతోందో కూడా తెలిస్తే, ఆ ముడి ఎక్కడుందో అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు అనుకుంటున్నాను. సోమవారం క్లాసులో ఆ అమ్మాయికి సమాధానం చెప్పాలి.

పటమట_మాస్టారు:

అమ్మా, ముందు ఆ పిల్లను మెచ్చుకోండి. ఒక రూలు విని వెంటనే దాన్ని ఇంకోచోట పెట్టి చూసిందంటే బుర్ర సరిగ్గా పనిచేస్తోందని అర్థం. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, ఇలాంటి ప్రశ్న కోసం ఎదురుచూసే లెక్చరర్లలో ఒకణ్ణి.

విషయం ఇది. ‘టర్న్ ఆఫ్’లో ఆఫ్, ‘లుక్ ఆఫ్టర్’లో ఆఫ్టర్, రెండూ వెర్బ్ పక్కన కూర్చున్న చిన్న మాటలే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ వాటి చుట్టరికం వేరు. ‘టర్న్ ఆఫ్’లో ఆఫ్ వెర్బ్‌కు చుట్టం. ఫ్యాన్‌తో దానికి పనిలేదు. అది అడ్వర్బ్, వెర్బ్ చేసిన పని ఎక్కడికి వచ్చి ఆగిందో చెబుతుంది. ‘లుక్ ఆఫ్టర్’లో ఆఫ్టర్ ప్రిపొజిషన్, దాని చుట్టరికం వెనకాల వచ్చే బేబీతో. ప్రిపొజిషన్‌కు, దాని నామవాచకానికి మధ్య బంధం మన విభక్తి లాంటిది. ‘అతని కోసం’లో కోసాన్ని పీకి వేరేచోట పెట్టలేం కదా, ఇంగ్లీషులో ‘ఆఫ్టర్ హిమ్’ని కూడా అంతే, తిరగేయలేం. కాకపోతే మనకు ప్రత్యయం వెనక వస్తుంది, వాళ్లకు ముందు వస్తుంది.

ఇక పోల్చుకోవడం. వందల వెర్బ్‌ల లిస్టు అక్కర్లేదు, చిన్న మాటలను చూస్తే చాలు, అవి చాలా తక్కువ. ఎట్, ఫర్, ఫ్రమ్, విత్, ఇంటు, టు, ఇవి ప్రిపొజిషన్లు, వీటి తర్వాతే ప్రొనౌన్ వస్తుంది: ‘లుక్ ఎట్ ఇట్’, ‘వెయిట్ ఫర్ మి’, ‘లిజన్ టు హర్’, ‘డీల్ విత్ దెమ్’. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఇటువైపు అవే, బ్యాక్, అపార్ట్ ఉన్నాయి, ఇవి ఎప్పుడూ ప్రిపొజిషన్లు కావు, కాబట్టి ప్రొనౌన్ ఎప్పుడూ మధ్యలోకే పోతుంది: ‘త్రో ఇట్ అవే’, ‘గివ్ ఇట్ బ్యాక్’, ‘టేక్ ఇట్ అపార్ట్’. అవుట్ కూడా చాలావరకు ఈ గుంపే. ఈ రెండు గుంపులూ పిల్లలకు ఒక పూటలో వచ్చేస్తాయి.

అసలు చిక్కంతా మధ్యలో మిగిలిన అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, ఓవర్, త్రూ లాంటి వాటితోనే, ఎందుకంటే ఇవి రెండు ఉద్యోగాలూ చేస్తాయి. వీటికి బోర్డు మీద ఒక జత రాయండి. ‘హి ర్యాన్ అప్ ఎ హిల్’, అంటే కొండ మీదికి పరిగెత్తాడు. ‘హి ర్యాన్ అప్ ఎ బిల్’, అంటే బిల్లు పెంచేసుకున్నాడు. అక్షరాలు చూస్తే ఒక్క మాటే తేడా. ఇప్పుడు ప్రొనౌన్ పెట్టమనండి. కొండయితే ‘ర్యాన్ అప్ ఇట్’, బిల్లయితే ‘ర్యాన్ ఇట్ అప్’. మొదటిదాంట్లో అప్ కొండను పట్టుకుని ఉంది, కాబట్టి ‘అప్ విచ్ హిల్ డిడ్ హి రన్’ అని అప్‌ను, కొండను కలిపి ముందుకు లాగి అడగొచ్చు. ‘అప్ విచ్ బిల్ డిడ్ హి రన్’ అని ఏ ఇంగ్లీషువాడూ అనడు. ఇంకో పరీక్ష కూడా ఉంది, వెర్బ్‌కూ చిన్న మాటకూ మధ్య ఒక అడ్వర్బ్ దూర్చి చూడటం. ‘లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ ఇట్’ నిలబడుతుంది. ‘టర్న్ క్విక్లీ ఆఫ్ ద ఫ్యాన్’ కూలిపోతుంది.

మన బస్సు ఉదాహరణ కూడా పనికొస్తుంది. ‘గెట్ ఆఫ్ ద బస్’, బస్సు దిగు. ఇక్కడ ఆఫ్ బస్సుకు సంబంధించింది, కాబట్టి ‘గెట్ ఆఫ్ ఇట్’. గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పమంటే ‘టేక్ ఆఫ్ యువర్ చప్పల్స్’, ఇక్కడ ఆఫ్ టేక్‌కు సంబంధించింది, కాబట్టి ‘టేక్ దెమ్ ఆఫ్’.

మరి అడ్వర్బ్ ఉన్నప్పుడు ప్రొనౌన్ మధ్యలోకే ఎందుకు పోవాలి, నామవాచకానికి రెండుచోట్లా చోటుంది కదా అని ఆ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. ఇంగ్లీషు వాక్యంలో కొత్త సంగతి చివర రావడం అలవాటు, నొక్కు కూడా అక్కడే పడుతుంది. ఇట్ అన్నామంటే అది ఏమిటో ఇద్దరికీ ముందే తెలుసన్నమాట, అందులో కొత్త ఏమీ లేదు, గొంతులో కూడా తేలిగ్గా జారిపోతుంది. కాబట్టి చివరి చోటు దానికి దక్కదు. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో చెప్పదలుచుకున్నది ఆఫ్. అదే నామవాచకం బారుగా ఉంటే తిరగబడుతుంది: ‘పిక్ అప్ ద చిల్డ్రన్ హు ఆర్ వెయిటింగ్ నియర్ ద గేట్’ అంటాం, ఆ పొడుగంతా మధ్యలో ఇరికించి చివర అప్ అంటే వినేవాడికి ఊపిరాడదు. వేలు పెట్టి చూపిస్తూ, ఆవిణ్ణి కాదు ‘అతణ్ణి’ ఎక్కించుకో అని నొక్కి చెప్పేటప్పుడు ‘పిక్ అప్ హిమ్’ అని అరుదుగా వినిపించేది కూడా ఇందుకే, అక్కడ హిమ్ కొత్త సంగతి అయింది. ఇది మాత్రం క్లాసులో ఇప్పుడే చెప్పకండి.

ఇది మనకే కష్టమని పిల్లలు చిన్నబుచ్చుకోకుండా ఒక మాట చెప్పండి. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, వెర్బ్ పక్కన చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి పరాయి భాషలవాళ్లకు అన్నిటికన్నా కష్టమని రాశాడు, అందుకే వాటిని ప్రత్యేకంగా పోగుచేశానన్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు మాత్రం చాలా తర్వాత వాడుకలోకి వచ్చింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ వాడాడు, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ.

బెంజ్‌సర్కిల్_నైట్‌షిఫ్ట్:

మాస్టారు చెప్పింది ఇంగ్లీషు వైపు నుంచి. తెలుగు వైపు నుంచి నేనొకటి చెబుతాను మేడమ్, ఎందుకంటే అమెరికా కస్టమర్లతో ఫోన్లో, మెయిల్లో మాట్లాడే టీముకు నేను ట్రైనింగ్ ఇస్తాను, కొత్తగా చేరే మన పిల్లలందరి దగ్గరా ఒకే ముడి కనిపిస్తుంది.

మనం ఈ వెర్బ్‌లను ఇంగ్లీషు నుంచి కాదు, తెలుగు నుంచే నేర్చుకుంటున్నాం. చిన్నప్పటి నుంచి ఇంట్లో వినేది ఏమిటి? “ఫ్యాన్ ఆఫ్ చెయ్యి”, “స్టేషన్ దగ్గర పికప్ చేసుకో”, “బ్యాకప్ తీశావా”, “లాగౌట్ అవ్వు”, “సెటప్ చేశా”, “ఫాలోఅప్ చెయ్యి”. తెలుగులో వీటిని మనం ఒకే మాటగా అంటించి, పక్కన చెయ్యి, అవ్వు, తియ్యి చేర్చి వాడుకుంటాం. తెలుగుగా అది ఏమాత్రం తప్పు కాదు, చక్కగా పనిచేస్తుంది. కానీ పికప్ అనేది ఒకే ముక్కగా బుర్రలో కూర్చున్నాక, దాని మధ్యలో హిమ్ పట్టేంత సందు ఉందని ఎవరికి తోస్తుంది? “అతన్ని పికప్ చెయ్యి” కాస్తా ‘పికప్ హిమ్’ అవుతుంది. “దాన్ని బ్యాకప్ చెయ్యి” కాస్తా ‘ప్లీజ్ బ్యాకప్ ఇట్’ అని మెయిల్లోకి ఎక్కుతుంది. ఆఫ్, ఆన్ అయితే ఇంకా ముందుకెళ్లి వెర్బులే అయిపోయాయి, ‘ఆఫ్ ద లైట్’, ‘ఆన్ ద ఏసీ’ అని పిల్లలు అనేది అందుకే, “ఆఫ్ చెయ్యి”లో చెయ్యిని తీసేస్తే మిగిలేది ఆఫే కాబట్టి.

ఇంగ్లీషులో కూడా అంటుకున్న రూపం ఉంది, కానీ అది నామవాచకం. బ్యాకప్, పికప్, సెటప్, లాగిన్ ఒకే మాటగా రాస్తే అవి వస్తువుల పేర్లు, పనుల పేర్లు. పని చేయమని చెప్పేటప్పుడు రెండు మాటలు. ‘బ్యాకప్’ అనే పేరు పలికేటప్పుడు నొక్కు మొదటి ముక్క మీద, ‘బ్యాక్ ఇట్ అప్’ అనేటప్పుడు నొక్కు అప్ మీద. మేం ట్రైనింగ్‌లో మొదట చేయించేది ఇదే, లిస్టులు కాదు. “పికప్ చెయ్యి” అని తెలుగులో అనిపించి, వెంటనే దాన్ని రెండు ముక్కలుగా విరిచి మధ్యలో ఇట్, హిమ్, దెమ్ పెట్టించి నోటితో పలికిస్తాం. విరవడం అలవాటైతే మిగతాది దానంతట అదే వస్తుంది.

పలకడం గురించి ఇంకొకటి. మధ్యలో ఉన్న ప్రొనౌన్‌ను వాళ్లు విడిగా పలకరు. అమెరికావాడు ‘పిక్ ఇట్ అప్’ అంటే మన చెవికి “పికిడప్” అని పడుతుంది. ‘పిక్ హిమ్ అప్’ అంటే “పికిమప్”, హిమ్‌లో హకారం ఎగిరిపోతుంది. ‘పిక్ దెమ్ అప్’ “పికెమప్”. ‘ఫిల్ ఇట్ అవుట్’ “ఫిలిడవుట్”. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇది మొదటిసారి వినే పిల్లలకు మధ్యలో ఒక ప్రొనౌన్ ఉందనే తెలియదు, ‘పికప్’ అనే విన్నామంటారు. అక్కడ రికార్డింగ్ ఆపి, నెమ్మదిగా మళ్లీ వేసి, ఆ చిన్న “ఇ” ఎక్కడుందో వేలితో బల్ల మీద కొట్టి చూపిస్తాను. మన సంధులు గుర్తుచేస్తే ఇంకా తేలిక. ‘ఏమి అయింది’ అని విడివిడిగా మనమెవరం అనం, ‘ఏమైంది’ అంటాం. రాముడు, అతడు కలిసి రాముడతడు ఎలా అవుతుందో చదువుకున్న పిల్లలకు “పికిమప్” అర్థం కాకపోవడమేమిటి? ఆ సంగతి చెప్పగానే మొహాలు విప్పారతాయి. ఇట్, హిమ్ చివర్లో పెడితే ఈ సాఫీదనం రాదు, ‘పికప్ హిమ్’ దగ్గర నాలుక ఆగుతుంది.

మిర్చియార్డ్_గుంటూరు:

అన్నా, మేడమ్, ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. మేం వ్యాపారంలో ఉన్నాం, బయటి రాష్ట్రాలవాళ్లతో, అప్పుడప్పుడు బయటి దేశాలవాళ్లతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడతాం. ‘పికప్ ఇట్’ అన్నా లారీ వస్తోంది, ‘డిస్కస్ అబౌట్ రేట్’ అన్నా రేటు తేలుతోంది. ఇండియన్ ఇంగ్లీషు అని ఒకటుంది కదా, దాంట్లో ఇవన్నీ చెల్లుబాటే కదా, పిల్లల మీద ఇంత బరువు పెట్టాలా? అసలే మాట్లాడటానికి భయపడుతున్నవాళ్లు ఇంకా భయపడరా?

పటమట_మాస్టారు:

బాబూ, మీ ప్రశ్న పిల్లల మీద ప్రేమతో అడిగిందే, అందుకే జవాబు చెప్పాలి. మాట్లాడేవాణ్ణి మధ్యలో ఆపి దిద్దడం నాకూ నచ్చదు. ‘డిస్కస్ అబౌట్’ దేశమంతా అంటున్నారు, దానివల్ల అర్థం ఎక్కడా చెడదు, పరీక్షలోనో ఉద్యోగం మెయిల్లోనో తప్ప పట్టించుకోకపోయినా పర్వాలేదు.

కానీ ప్రొనౌన్ చోటు అలాంటిది కాదు. చోటు మారితే కొన్నిసార్లు అర్థమే తిరగబడుతుంది. ‘ఐ సా త్రూ హిమ్’ అంటే అతని ఎత్తులు నాకు దొరికిపోయాయి, మోసం కనిపెట్టాను అని. ‘ఐ సా హిమ్ త్రూ’ అంటే కష్టకాలంలో చివరిదాకా అతనికి తోడున్నాను అని. మీరు వ్యాపారంలో ఒక మనిషి గురించి ఇంకొకరికి రాస్తూ ఇందులో ఒకటి అనబోయి రెండోది అంటే ఏమవుతుందో ఆలోచించండి. ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే ఆ బాధలోంచి తేరుకో, ‘గెట్ ఇట్ ఓవర్ విత్’ అంటే ఆ పని ఎలాగోలా ముగించెయ్యి. పిల్లలకు చెప్పాల్సింది అందుకే. భయపెట్టాల్సిన పనిలేదు, ఆ చిన్న మాటలు ఎంత పని చేస్తాయో చూపిస్తే వాళ్లకే సరదా పుడుతుంది.

బ్రాడీపేట_సిస్టర్:

నేను నర్సును, గుంటూరులో ఉంటాను, జర్మనీ వెళ్లడానికి ఇప్పుడు జర్మన్ నేర్చుకుంటున్నాను. ఈ చర్చ చదువుతుంటే మా క్లాసే గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను.

జర్మన్‌లో ఫోన్ చేయడం అనే వెర్బ్ డిక్షనరీలో ‘ఆన్‌రూఫెన్’ అని అంటించి ఉంటుంది, పైన అన్న చెప్పిన పికప్ లాగే ఒకే ముక్క. కానీ మామూలు వాక్యంలోకి రాగానే విరుగుతుంది: ‘ఇష్ రూఫె డిష్ ఆన్’, నీకు ఫోన్ చేస్తాను. డిష్ అంటే నిన్ను, అది మధ్యలో ఉంది, ఆన్ చివరికి పోయింది. అక్కడ అమ్మకు ఫోన్ చేసినా అంతే, నామవాచకమైనా మధ్యలోకే వెళ్లాలి, ఇంగ్లీషులో ఉన్నంత వెసులుబాటు లేదు. అదే ఎదురుచూడటానికి ‘ఇష్ వార్టె ఆవుఫ్ డిష్’, ఇక్కడ ఆవుఫ్ ప్రిపొజిషన్ కాబట్టి డిష్ దాని వెనకే వచ్చింది, ‘వెయిట్ ఫర్ యూ’ లాగా. మాస్టారు చెప్పిన రెండు చుట్టరికాలూ అక్కడ కూడా అలాగే ఉన్నాయి. జర్మన్, ఇంగ్లీషు ఒకే కుటుంబం అని వినడం వేరు, ఇలా వాక్యంలో కనిపించడం వేరు. డ్యూటీ అయ్యాక అలసిపోయి చదువుతుంటే కూడా ఇది నాకు హుషారిచ్చింది. మేడమ్, మీ దగ్గర నర్సింగ్ పిల్లలెవరైనా ఉంటే ఇది చెప్పండి, ముందు ముందు వాళ్లకు పనికొస్తుంది.

మాచవరం_ట్యూషన్:

మాస్టారూ, అందరికీ చాలా థాంక్స్. కొండ, బిల్లు జత నోట్సులో రాసేసుకున్నాను, పికప్ విరవడం కూడా చేయిస్తాను. దీని పక్కనే ఇంకొకటి ఉంది, అది కూడా చెబుదురూ. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’, ‘సజెస్ట్ మి’, ‘రిప్లై మి’, ‘రీచ్‌డ్ టు విజయవాడ’, ‘ఎంటర్డ్ ఇంటు ద రూమ్’, ఇవి నా పిల్లల నోట్లో రోజూ వస్తాయి. ఒకచోట టు పెట్టాల్సింది మానేస్తారు, ఇంకోచోట మానాల్సింది పెడతారు. దీనికీ మన తెలుగే కారణమా?

అరండల్‌పేట_టీచర్:

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను మేడమ్. ఔను, చాలావరకు మన విభక్తులే. మనకు ‘నాకు’ అనే ఒక్క మాట ఉంది. నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు చూపించు, నాకు వివరించు, నాకు జవాబివ్వు, అన్నిటికీ ఆ ‘కు’ సరిపోతుంది. ఇంగ్లీషులో అది రెండుగా చీలింది. గివ్, టెల్, షో, సెండ్, లెండ్ లాంటి పొట్టి పాత వెర్బ్‌లు ‘మి’ని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటాయి: ‘గివ్ మి ద బుక్’, ‘టెల్ మి ద స్టోరీ’. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, అనౌన్స్ లాంటివి లాటిన్ నుంచి, ఫ్రెంచ్ నుంచి తర్వాత వచ్చి చేరినవి, వీటికి మధ్యలో టు కావాల్సిందే: ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’, ‘సజెస్ట్ ఎ గుడ్ హోటల్ టు మి’. మన పిల్లవాడికి రెండూ ‘నాకు’ కాబట్టి టెల్ మి లాగే ఎక్స్‌ప్లెయిన్ మి అంటాడు, వాడి వైపు నుంచి చూస్తే అది సబబే. పుట్టుక చూసి చెప్పే ఈ గుర్తు పూర్తిగా నమ్మదగ్గది మాత్రం కాదు. ప్రామిస్ లాటిన్ నుంచి వచ్చినదే, అయినా ‘ప్రామిస్ మి’ అంటారు. సే అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, అయినా ‘సే ఇట్ టు మి’ అనాలి. కాబట్టి నేనయితే ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, రిప్లై, సే, ఈ నాలుగూ రోజూ వాడేవి, వీటిని వాక్యాలతో సహా నోటికి ఎక్కించేస్తాను.

రీచ్, ఎంటర్, డిస్కస్, మ్యారీ సంగతి దీనికి ఎదురు. మనకు ఊరికి చేరాలి, గదిలోకి అడుగుపెట్టాలి, దాని గురించి చర్చించాలి. ఆ ‘కి’, ‘లోకి’, ‘గురించి’ ఇంగ్లీషులో ఆ వెర్బ్‌ల కడుపులోనే ఉన్నాయి. ‘రీచ్’ అంటేనే ‘కి చేరు’. కాబట్టి ‘ఐ రీచ్‌డ్ విజయవాడ’, ‘షి ఎంటర్డ్ ద రూమ్’, ‘వి డిస్కస్డ్ ఇట్’, ‘షి మ్యారీడ్ హిమ్’. ఒప్పందంలోకి దిగితే మాత్రం ‘ఎంటర్ ఇంటు ఎన్ అగ్రిమెంట్’ అనాలి, అది వేరే వాడుక. ‘కోప్ అప్ విత్’ అని మనవాళ్లు అంటుంటారు, అక్కడ అప్ అక్కర్లేదు, ‘కోప్ విత్ ఇట్’ చాలు. ‘పుట్ అప్ విత్ హిమ్’కి మాత్రం మూడు ముక్కలూ కావాలి, అందులో అప్ అడ్వర్బ్, విత్ ప్రిపొజిషన్, కాబట్టి హిమ్ చివర్లోనే వస్తుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’, ‘వి ర్యాన్ అవుట్ ఒవ్ ఇట్’ కూడా ఈ అచ్చే.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యం అనిపించేది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తెలుగులో ప్రొనౌన్ అసలు అక్కర్లేదు. “ఫీజు కట్టావా?” “కట్టాను.” అంతే, ‘దాన్ని’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులో ‘ఐ పెయిడ్ ఇట్’ అనో, ‘ఎస్, ఐ డిడ్’ అనో అనాలి. ‘ఐ గేవ్’, ‘ఐ పుట్ ఆన్ ద టేబుల్’ అని మన పిల్లలు ఆపేస్తే వినేవాళ్లు ఏమిటి ఇచ్చావు, ఏమిటి పెట్టావు అన్నట్టు ఇంకా ఎదురుచూస్తుంటారు. ‘ఎంజాయ్’ కూడా ఇంతే. “బాగా ఎంజాయ్ చేశాం” అనేది చక్కటి తెలుగు, ‘వి ఎంజాయ్డ్ ఎ లాట్’ మాత్రం కుంటుతుంది, ‘వి ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్’ అనో ‘వి ఎంజాయ్డ్ ఇట్’ అనో అనాలి. నా అనుభవంలో ఇట్ ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్న రెండోది. అసలు ఒక ఇట్ ఉండాలని గుర్తుకు రావడం మొదటిది. అందుకే మా తరగతిలో వస్తువు చేతికిచ్చి పని చేయిస్తాను. డస్టర్ ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంటుంది, ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చేస్తున్న పని చెప్పాలి, డస్టర్ అనే మాట వాడకూడదు: ‘ఐ యామ్ పికింగ్ ఇట్ అప్’, ‘ఐ యామ్ లుకింగ్ ఎట్ ఇట్’, ‘ఐ యామ్ గివింగ్ ఇట్ టు హర్’, ‘షి ఈజ్ పుటింగ్ ఇట్ బ్యాక్’. చేతిలో వస్తువు ఉంటుంది కాబట్టి ఇట్ మరిచిపోరు. పికింగ్ ఇట్ అప్, లుకింగ్ ఎట్ ఇట్ వెంటవెంటనే అనేసరికి రెండు రకాల తేడా కూడా నోటికే తెలిసిపోతుంది.

హిమ్, హర్, మి రూపాల గురించి ఒక్క ముక్క. ప్రిపొజిషన్ తర్వాత ఎప్పుడూ ఈ రూపాలే. ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ గొప్ప ఇంగ్లీషు అనుకుంటారు కొందరు, ‘బిట్వీన్ యూ అండ్ మి’ అనాలి.

మాచవరం_ట్యూషన్:

డస్టర్ పద్ధతి ఎంత బాగుందో టీచర్ గారూ, సోమవారం దాంతోనే మొదలుపెడతాను. ముందు డస్టర్, తర్వాత పికప్ విరవడం, ఆ తర్వాత కొండా బిల్లూ, చివర్లో ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచి లుక్ ఎట్, లుక్ ఫర్, లుక్ ఆఫ్టర్, లుక్ అప్, లుక్ ఓవర్ వరసగా రాయించి ప్రొనౌన్ తననే పెట్టమంటాను. ఒక్కటే మిగిలింది. డస్టర్ ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ‘గివ్ ఇట్ టు మి’ అనాలా, ‘గివ్ మి ఇట్’ కూడా అనొచ్చా? రెండూ ప్రొనౌన్లే అయితే ఏది ముందు?

పటమట_మాస్టారు:

‘గివ్ ఇట్ టు మి’ నేర్పండమ్మా, అది ఎక్కడైనా చెల్లుతుంది. బ్రిటన్‌లో ‘గివ్ మి ఇట్’ కూడా మామూలుగా అంటారు, ఇంగ్లండ్ ఉత్తరాదివాళ్లయితే ‘గివ్ ఇట్ మి’ అని టు లేకుండానే అనేస్తారు. విన్నప్పుడు అర్థం చేసుకుంటే చాలు, పిల్లలు అనాల్సిన పనిలేదు. ‘గివ్ మి ద డస్టర్’ మాత్రం నిక్షేపంగా అనొచ్చు.

మీ లుక్ వరసలో లుక్ ఓవర్ దగ్గర కాస్త జాగ్రత్త. పేపరు ఒకసారి చూసిపెట్టు అనేటప్పుడు ‘లుక్ ఇట్ ఓవర్’. గోడ మీదుగా అవతలికి చూడు అనేటప్పుడు ‘లుక్ ఓవర్ ఇట్’. ఆ పిల్ల ఆ రెండోది కూడా తప్పకుండా అడుగుతుంది, సిద్ధంగా ఉండండి.